నేరం చుట్టూ నవ్వు: చాదస్తులు విప్పిన చిక్కుముడులు

హత్య, దొంగతనం, అపహరణ వంటి నేరాన్ని మధ్యలో నిలిపి, దాన్ని ఎవరు చేశారో, ఎందుకు చేశారో చివరి దాకా దాచి ఉంచుతూ, ఆ దాపరికం పొడుగునా పాఠకుణ్ణి నవ్వించే రచనలను హాస్య నేరకథలు అనవచ్చు. వీటిలో నేరం ఎంత ముఖ్యమో, ఆ నేరం చుట్టూ తిరిగే వింత మనుషులు అంతకంటే ముఖ్యం. పరిశోధకుడికి ఒక తిక్క, అతని సహాయకుడికి మరొక వెర్రి, అనుమానితుల్లో ఒక్కొక్కరికీ ఒక్కో చాదస్తం ఉండి, ఆ చాదస్తాలన్నీ ఒకదానితో ఒకటి రాసుకున్నప్పుడు పుట్టే నిప్పురవ్వలోనే నేరస్థుడి ముఖం కనబడుతుంది. తెలుగు పాఠకులు ఈ తరహా కథను పాశ్చాత్యుల నుంచి అరువు తెచ్చుకున్న సరుకుగా భావించడం మామూలే గాని, ఆ భావన సగం మాత్రమే నిజం. ఆ రెండో సగాన్ని వెతకడానికి చరోదా అనువైన చోటు.

ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో, హావ్‌డా నుంచి ముంబయి వెళ్ళే ప్రధాన రైలుమార్గం మీద, భిలాయికీ రాయ్‌పుర్‌కీ నడుమ ఉన్న చరోదా, భిలాయి మార్షలింగ్ యార్డును ఆనుకుని పెరిగిన రైల్వే ఊరు. మార్షలింగ్ యార్డు అంటే వచ్చిన గూడ్సు బళ్ళను విడగొట్టి, వాటి పెట్టెలను గమ్యాల వారీగా వేర్వేరు పట్టాల మీదికి పంపి, మళ్ళీ కొత్త బళ్ళుగా కూర్చే చోటు. నేరకథ రాసేవాడు చేసే పని కూడా ఇంచుమించు ఇదే: ఎక్కడెక్కడివో సంఘటనలను కలగాపులగంగా పట్టాల మీదికి తోలి, చివరి ప్రకరణంలో ఒక్కొక్క పెట్టెనూ దాని సొంత దారికి చేరుస్తాడు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం మొదలై, 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను వెలిగించుకున్న భిలాయి ఉక్కు కర్మాగారం కోసమూ, దానికి ముడిఖనిజం, బొగ్గు మోసే రైల్వే కోసమూ దేశం నలుమూలల నుంచి వచ్చినవారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. వారిలో చాలామందికి పుట్టిల్లు ఉత్తరాంధ్ర. విజయనగరం నుంచి రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయ్‌పుర్ దాకా వచ్చే రైలుమార్గం 1931లో పూర్తయింది కనుక, చరోదాలోని తెలుగు కుటుంబానికీ దాని సొంతూరికీ నడుమ ఉన్నది ఒక రాత్రి ప్రయాణమే. ఆ ప్రయాణానికి ఒక కొస భిలాయి ప్రాంతంలోనూ, మరో కొస విజయనగరంలోనూ ఉండడం ఈ వ్యాసానికి కలిసివచ్చిన సంగతి, ఎందుకంటే నేరాన్నీ నవ్వునూ పెనవేసిన రెండు గొప్ప నాటకాలు ఆ రెండు కొసల్లోనే పుట్టాయి.

మొదటిది 'చరణ్‌దాస్ చోర్'. 1923లో రాయ్‌పుర్‌లో పుట్టిన హబీబ్ తన్వీర్, ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో తెల్లవార్లూ ఆడే నాచా అనే జానపద ప్రదర్శనలోని నటులనే తన 'నయా థియేటర్' బృందంలోకి తీసుకుని, వారి మాతృభాషలోనే నాటకాలు ఆడించిన దర్శకుడు. రాజస్థానీ రచయిత విజయదాన్ దేథా చెప్పిన ఒక జానపద కథను ఆయన 1970ల మధ్యలో భిలాయిలో నాచా కళాకారులతో జరిపిన శిబిరంలో నాటకంగా మలచడం మొదలుపెట్టగా, దాని తొలిరూపం అక్కడి మైదానంలోనే, సత్యమే దైవమని నమ్మే సత్‌నామీ సమాజం వారి ఎదుట ప్రదర్శితమైంది. 1975లో శ్యామ్ బెనెగల్ అదే పేరుతో పిల్లల చలనచిత్రం తీశాడు. 1982లో నాటకం ఎడిన్‌బరో ఫ్రింజ్ ఉత్సవంలో బహుమతి అందుకుంది. ఉక్కు కొలిమి పక్కన పుట్టిన నాటకం స్కాట్లాండు దాకా వెళ్ళిందన్న సంగతి చరోదాలో ఎంతమందికి తెలుసునో గాని, తెలియవలసిన సంగతే.

కథ చిన్నది. చరణ్‌దాస్ దొంగ, గురువు అబద్ధం మానమని అడిగితే మానేస్తానని మాటిస్తాడు, దొంగతనం మాత్రం మానడు, ఎందుకంటే అది వృత్తి. ఆ గురువు ముందే, వేళాకోళంగా మరో నాలుగు ఒట్లు కూడా పెట్టుకుంటాడు: బంగారు పళ్ళెంలో తినననీ, ఏనుగు మీద ఊరేగననీ, రాణిని పెళ్ళాడననీ, రాజ్యమిచ్చినా రాజు కాననీ. దొంగకు ఈ అవకాశాలు రావు కనుక ఒట్లు నవ్వు పుట్టిస్తాయి. ఆ తరువాత ఒక్కొక్కటిగా అవన్నీ వచ్చి అతని ముందు నిలబడుతుంటే నవ్వు క్రమంగా గొంతుకు అడ్డుపడుతుంది. నేరకథగా చూస్తే ఇందులో అందమైన ఘట్టం ఖజానా దొంగతనం. చరణ్‌దాస్ ఎత్తుకుపోయినవి అయిదు మొహరీలే, కాని లెక్కలో తగ్గినవి పది. మిగిలిన అయిదూ ఎవరి జేబులో చేరాయన్న చిక్కును, అబద్ధమాడలేని దొంగ సభలో నిలబడి నిజం చెప్పడమే విప్పేస్తుంది. పరిశోధకుడు లేడు, పోలీసు లేడు, భూతద్దం అసలే లేదు. ఒక మనిషి తిక్కే సాక్ష్యంగా మారింది. హాస్య నేరకథలో వింత మనిషికి ఉండవలసిన స్థానం ఏమిటో చెప్పడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ దొరకడం కష్టం: పాత్ర చాదస్తం అలంకారంగా మిగిలిపోకుండా కేసు తాళాన్ని తెరిచే చెవి అయింది.

తన్వీర్‌కు ఈ చూపు కొత్తగా అబ్బింది కాదు. ఆయన 1958లోనే ఛత్తీస్‌గఢీ నటులను ఢిల్లీకి తీసుకువెళ్ళి శూద్రకుని సంస్కృత నాటకం 'మృచ్ఛకటికం'ను 'మిట్టీ కీ గాడీ'గా ప్రదర్శించాడు. తెలుగులోకి దాన్ని తిరుపతి వేంకట కవులు తెచ్చారు. అందులో శర్విలకుడనే దొంగ అర్ధరాత్రి చారుదత్తుడి ఇంటి గోడకు కన్నం వేయడానికి వచ్చి, తామర ఆకారంలో వేయాలా, నెలవంక ఆకారంలో వేయాలా, పూర్ణకుంభంలా వేయాలా అని శిల్పిలాగా తర్జనభర్జన పడతాడు; కొలతాడు మరిచిపోయి వచ్చినందుకు యజ్ఞోపవీతాన్నే కొలతాడుగా వాడుకుంటాడు. తెల్లవారి లేచిన చారుదత్తుడు పోయిన సొమ్ము సంగతి తెలియక ముందే కన్నం ఎంత అందంగా ఉందోనని మెచ్చుకుంటాడు. నేరస్థుడికీ బాధితుడికీ ఒకే కళాభిరుచి ఉండడంలోని హాస్యం ఇప్పటికీ వాడలేదు. అదే నాటకంలో రాజుగారి బావమరిది శకారుడు, పురాణాల్లోని పేర్లన్నిటినీ తారుమారు చేసి మాట్లాడే మూర్ఖుడు, వసంతసేన గొంతు నులిమి, చచ్చిందనుకుని వదిలేసి, హత్యానేరాన్ని చారుదత్తుడి మీదికి నెడతాడు. న్యాయస్థానంలో విచారణ జరుగుతుంది, మరణశిక్ష పడుతుంది, వధ్యస్థానం దాకా ఊరేగింపు సాగుతుంది. చంపబడిందనుకున్న స్త్రీ అప్పుడు బతికి వస్తుంది.

చావని మనిషి హత్య మీద సాగే విచారణ అనే ఈ పథకం రైలుమార్గం రెండో కొసన మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో పూర్తిగా పెంచి తిరగరాసిన రూపం పొందిన గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం'ను సంఘసంస్కరణ నాటకంగా బడిలో చెబుతారు. అది సరైనదే. అయితే ఆ నాటకపు వెన్నెముకను తడిమి చూస్తే, అది ఆద్యంతం ఒక మోసం కథ, మోసంలోంచి పుట్టిన అబద్ధపు హత్యకేసు కథ. తన మేనకోడలు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు అమ్మకుండా కాపాడడానికి కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి, ఆ 'పిల్ల'నే లుబ్ధావధాన్లుకు అంటగడతాడు. పెళ్ళయ్యాక పెళ్ళికూతురు మాయమవుతుంది, దానితోపాటు వేశ్య మధురవాణి కంటె కూడా మాయమవుతుంది. పిల్ల కనిపించదు కనుక ఎవరో చంపి ఉండాలి, ముసలివాడి దగ్గర డబ్బుంది కనుక అతనే చంపి ఉండాలి అన్న తర్కంతో హత్యకేసు తయారవుతుంది. ఇక దాని చుట్టూ చేరిన మనుషుల వరస చూడాలి: కేసుల్లో బతికే రామప్పంతులు, లంచానికి వాసన పట్టే హెడ్డుకనిస్టీబు, దయ్యాన్ని సీసాలో బంధించానని చెప్పే పూజారి గవరయ్య, నాలుగు ఇంగ్లీషు ముక్కలతో ఊరంతా తిరిగి వచ్చే గిరీశం. ఆధునిక హాస్య నేరకథ కోరుకునే అనుమానితుల గుంపు ఇంతకంటే నిండుగా ఉండదు.

ఈ కేసును విప్పేది వకీలు సౌజన్యారావు పంతులు కాదు. ఆయన నిజాయితీపరుడే గాని, ఆధారం ఏ దిక్కున ఉందో ఆయనకు తెలియదు. వేశ్యల ముఖం చూడనని నియమం పెట్టుకున్న ఆ పెద్దమనిషి ఇంటికి మగవేషంలో వెళ్ళి, మాయమైన పిల్ల ఆడపిల్లే కాదన్న గుట్టు బయటపెట్టి, లుబ్ధావధాన్లు మెడకు తగులుకున్న హత్యానేరాన్ని తప్పించేది మధురవాణి. పథకంలో మొదటి నుంచీ ఆమెకు వాటా ఉంది, సాక్ష్యం ఆమె చేతిలో ఉంది, ఎప్పుడు ఎంత చెప్పాలో తూచి చెప్పే తెలివి ఆమె సొంతం. తెలుగు సాహిత్యంలో గుర్తుంచుకోదగిన తొలి పరిశోధకురాలు మధురవాణి అని చెప్పడానికి వెనుకాడనక్కర లేదు. పరిశోధన అనే మాటకు ఖాకీ దుస్తులూ పొగాకు చుట్టా తప్పనిసరి అనుకునే వారికి ఇది అతిగా తోచవచ్చు. అయితే ఆ సరంజామా తరువాత వచ్చింది.

ఆ సరంజామా ఎలా వచ్చిందో క్లుప్తంగా చెప్పుకోవచ్చు. అపరాధ పరిశోధక నవల, అంటే నేరం జరిగిన తీరును ఆధారాల ద్వారా తిరిగి కనిపెట్టే కథ, ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో బెంగాలీ నుంచి, ముఖ్యంగా పాంచకడి దే నవలల అనువాదాల ద్వారా, తెలుగు పాఠకులకు బాగా చేరువైంది. తరువాత కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌నూ అతని సహాయకుడు రాజునూ సృష్టించి ఒక తరం పాఠకులను నిద్రపోనివ్వలేదు. టెంపోరావు, విశ్వప్రసాద్, గిరిజశ్రీ భగవాన్ వంటివారు అదే దారిలో విరివిగా రాశారు. జేబులో పట్టే సైజు, చవక ధర, ఒక ప్రయాణంలో ముగిసే నిడివి కలిగిన ఆ పుస్తకాలకు రైలు ప్రయాణం సహజమైన తోడు. కాని యుగంధర్‌లో వెర్రి లేదు. అతను చురుకైనవాడు, ధైర్యవంతుడు, మర్యాదస్థుడు. పాఠకుడు అతన్ని ఆరాధిస్తాడు తప్ప అతన్ని చూసి నవ్వుకోడు. ఉత్కంఠ ఉన్న చోట హాస్యం దండగ అన్న అభిప్రాయం ఆ కాలపు తెలుగు డిటెక్టివ్ నవలలో గట్టిగానే ఉంది. అదే కాలంలో ఉర్దూలో ఇబ్నే సఫీ దీనికి పూర్తిగా ఎదురుదారి పట్టాడు: 1952లో 'జాసూసీ దునియా'తోనూ, 1955లో ఇమ్రాన్ నవలలతోనూ ఆయన తెచ్చిన ప్రపంచంలో, ఇమ్రాన్ పైకి పరమ మూర్ఖుడిలా ప్రవర్తిస్తూ లోపల అందరికంటే పదునైనవాడు. హిందీ అనువాదాల్లో ఇమ్రాన్ రాజేశ్‌గా పేరు మార్చుకున్నాడు కనుక, హిందీ రాజ్యమేలే చరోదా వంటి ఊళ్ళలో చదువుకున్న తెలుగువారికి యుగంధర్, రాజేశ్ ఇద్దరూ అందుబాటులో ఉండే అవకాశం ఉండేది. ఇది కోస్తా పాఠకుడికి దక్కని లాభం.

పాశ్చాత్య దేశాల్లో ఈ తరహాను నిలబెట్టినవారిలో జి.కె. చెస్టర్‌టన్ పేరు ముందు చెప్పాలి. 1910లో వచ్చిన ఆయన తొలి ఫాదర్ బ్రౌన్ కథలో, గుండ్రటి ముఖంతో, గొడుగు ఎక్కడ పెట్టాడో తెలియని ఒక చర్చి పూజారి వెళ్ళిన ప్రతిచోటా అర్థంలేని పనులు చేస్తుంటాడు: ఒక హోటల్లో ఉప్పు సీసాలో చక్కెర, చక్కెర సీసాలో ఉప్పు పోసి ఉంటుంది, గోడ మీద పులుసు చల్లి ఉంటుంది, ఒక దుకాణంలో పళ్ళు దొర్లి ఉంటాయి. అవన్నీ పిచ్చి చేష్టలని నవ్వుకున్న పాఠకుడికి చివర తెలిసేదేమంటే, దొంగతో కలిసి నడుస్తున్న ఆ పూజారి వెనుక వచ్చే పోలీసుల కోసం దారి పొడుగునా గుర్తులు వదులుతూ వచ్చాడని. హాస్య నేరకథ పనిచేసే పద్ధతి మొత్తం ఈ ఒక్క కథలో ఉంది. నవ్వినప్పుడు పాఠకుడి జాగ్రత్త సడలుతుంది. మూర్ఖుడు చెప్పిన మాటను, వింత మనిషి చేసిన పనిని అతను లెక్కలోకి తీసుకోడు. రచయిత అసలు ఆధారాన్ని సరిగ్గా అక్కడే పెడతాడు. గంభీరమైన నేరకథలో ఆధారాన్ని దాచడానికి చీకటి కావాలి, ఇందులో నవ్వు చాలు. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు మతగురువు డిటెక్టివ్ కథకు పది నియమాలు రాశాడు, పాఠకుడికి తెలియని ఆధారాన్ని పరిశోధకుడు వాడరాదన్న న్యాయసూత్రం వాటిలో ఉంది. సగం వేళాకోళంగా రాసిన ఆ నియమాలను తరువాతివారు శాసనాలుగా పట్టుకోవడం దానికదే ఒక హాస్యకథ.

తెలుగు డిటెక్టివ్‌కు తిక్క పుట్టించిన ఘనత మల్లాది వెంకటకృష్ణమూర్తిది. ఆయన 'చంటబ్బాయి'లో పాండురంగారావు, జేమ్స్ బాండ్‌ను తలచుకుని తనను తాను జేమ్స్ పాండ్‌గా పిలుచుకునే ప్రైవేటు డిటెక్టివ్. తన గొప్పతనం మీద అతనికున్న నమ్మకం ఎదుటివారికి ఒక్కరికీ లేదు. ప్రైవేటు డిటెక్టివ్ అంటే ప్రభుత్వ ఉద్యోగి కాకుండా రుసుము తీసుకుని విచారణ చేసే వ్యక్తి. భారతీయ పట్టణంలో అతని దగ్గరికి వచ్చేవి అంతర్జాతీయ కుట్రలు కావు, తప్పిపోయినవాళ్ళూ, చిల్లర దొంగతనాలూ, పెళ్ళి సంబంధాల విచారణలూ మాత్రమే. ఆ అంతరమే మల్లాది హాస్యానికి మూలం. 1986లో జంధ్యాల దర్శకత్వంలో చిరంజీవి, సుహాసినితో వచ్చిన సినిమా ఆ పాత్రకు శాశ్వతమైన ముఖమిచ్చింది. సాహస వీరుడిగా ఎదుగుతున్న నటుడు తనను తాను వెక్కిరించుకునే పాత్రకు ఒప్పుకోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. 1995లో ఈటీవీ, జెమినీ వంటి ఉపగ్రహ ఛానళ్ళు మొదలయ్యాక, తెలుగు సినిమా హాలు లేని ఊళ్ళలోని తెలుగు ఇళ్ళలోకి కూడా ఇటువంటి సినిమాలు నేరుగా ప్రవేశించాయి. అంతకు ముందు అక్కడి టీవీల్లో కనిపించిన హాస్య పరిశోధకుడు హిందీవాడు: 1985లో దూరదర్శన్‌లో పంకజ్ కపూర్ నటించిన 'కరమ్‌చంద్', కేసు మధ్యలో క్యారెట్లు నములుతూ సహాయకురాలు కిట్టీ నోరు మూయించేవాడు.

అయినా 'చంటబ్బాయి' సినిమాను మెచ్చుకుంటూనే దాని లోపాన్నీ చెప్పాలి. అందులో జనం తరతరాలుగా చెప్పుకుని నవ్వుకునే ఘట్టాలు, పత్రికా సంపాదకుణ్ణి తన రచనలతో హింసించే శ్రీలక్ష్మి సన్నివేశాల వంటివి, అసలు కేసుతో సంబంధం లేనివి. వాటిని కత్తిరించి పక్కన పెట్టినా చిక్కుముడి బిగువు తగ్గదు, పెరగదు. తెలుగు సినిమాకు అలవాటైన 'కామెడీ ట్రాక్', అంటే ప్రధాన కథకు సమాంతరంగా వేరే నటులతో నడిపే నవ్వుల భాగం, ఈ లోపానికి మూలం. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడూ బంగారక్కా రామాయణం మధ్యలో దూరి నవ్వించి వెళ్ళిపోయే సంప్రదాయం నుంచి వచ్చిన అలవాటు కావచ్చు. పురాణ ప్రదర్శనకు అది సరిపోతుంది, నేరకథకు సరిపోదు. నేరకథలో అనవసరమైన మనిషి ఉండకూడదు, ఎందుకంటే పాఠకుడు ప్రతి మనిషినీ అనుమానిస్తాడు. ఈ దృష్టితో చూసినప్పుడు 1993లో శివనాగేశ్వరరావు తీసిన 'మనీ' మరింత గట్టి కట్టడం: హాలీవుడ్ ప్రేరణతో తయారైన ఆ కథలో, డబ్బులేని ఇద్దరు కుర్రాళ్ళు ఒక ధనవంతుడి భార్యను అపహరించగా, ఆమె తిరిగి రాకపోతేనే మేలని భర్త అనుకుంటాడు. సినిమా పిచ్చి పట్టిన రౌడీగా బ్రహ్మానందం వేసిన ఖాన్‌దాదా నవ్వులకే పరిమితమైనట్టు కనిపించినా, అతని పిచ్చి కథలోని దౌర్జన్యానికే అద్దం పడుతుంది.

వింత మనిషిని ఎలా తయారుచేస్తారన్న దానిలో మరో పేచీ ఉంది, అది చరోదా వంటి ఊరి పాఠకుడికి మరీ దగ్గరగా తగులుతుంది. తెలుగు సినిమాల్లో, నాటికల్లో నవ్వు పుట్టించడానికి అతి సులువైన మార్గం ఒక పాత్ర చేత శ్రీకాకుళం యాసో, విజయనగరం యాసో పలికించడం. పనివాడో, అమాయకుడో, చిల్లర దొంగో అయితే ఆ యాస దాదాపు ఖాయం. సొంతూరికి వందల మైళ్ళ దూరంలో, హిందీ, ఛత్తీస్‌గఢీ మాటల మధ్య, ఇంట్లో ఆ యాసనే కాపాడుకుంటూ వచ్చిన కుటుంబానికి అది తమ ఇంటి మాట, నవ్వవలసిన వస్తువు కాదు. నత్తి, లావు, చెవుడు కూడా ఇదే పద్దులోకి వస్తాయి. చాదస్తం మనిషి ఎంచుకున్న నడక. యాస, శరీరం అతను ఎంచుకున్నవి కావు. గురజాడ ఈ తేడా బాగా ఎరిగినవాడు: 'కన్యాశుల్కం'లో అందరూ ఆ ప్రాంతపు తెలుగే మాట్లాడతారు, ఆ తెలుగును చూసి ఎవరూ నవ్వరు, గిరీశం గొప్పల కోసం దొర్లించే ఇంగ్లీషును చూసి నవ్వుతారు.

ఈ తరహాలో ఇటీవలి తెలుగు రచనల్లో అన్నిటికంటే శ్రద్ధగా అల్లినది 2019లో స్వరూప్ ఆర్‌ఎస్‌జె దర్శకత్వంలో వచ్చిన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ'. నవీన్ పొలిశెట్టి వేసిన ఆత్రేయ నెల్లూరులో చిన్న డిటెక్టివ్ సంస్థ నడుపుతాడు. దాని పేరును పొట్టి చేస్తే అమెరికా కేంద్ర నేర పరిశోధక సంస్థ పేరే వస్తుంది, విప్పితే మాత్రం ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్. అతను విద్య నేర్చుకున్నది సినిమాలు చూసి. కోస్తా ఎండల్లో పొడుగు కోటు వేసుకుని తిరిగే ఆ వేషం చూసి మొదటి భాగమంతా ప్రేక్షకుడు నవ్వుతాడు. తరువాత రైలు పట్టాల పక్కన దొరికే గుర్తు తెలియని శవాల దగ్గర కథ దిశ మారుతుంది. రైల్వే ఊళ్ళలో నివసించేవారికి ఆ మాట కొత్త కాదు: పట్టాల పక్కన శవం దొరికితే ప్రమాదమో ఆత్మహత్యో అనుకోవడం లోకం అలవాటు, ఆ అలవాటునే నేరస్థులు మరుగుగా వాడుకోవచ్చునన్నది సినిమా ఆలోచన. ముగింపు ఇక్కడ చెప్పడం, చూడనివారికి ద్రోహం. ఇంత మాత్రం చెప్పవచ్చు: మొదట్లో ఎగతాళిగా కనిపించిన ఆత్రేయ శ్రద్ధ, సూక్ష్మంగా గమనించే అతని అలవాటు, చివరకు అతని ఏకైక ఆయుధాలవుతాయి. వేషం వెర్రిదైనా చూపు వెర్రిది కాదు.

ఈ కథలను ఆస్వాదించడంలో ఒక నైపుణ్యం ఉంది. వేగంగా చదివి హంతకుణ్ణి కనిపెట్టడమే లక్ష్యంగా పెట్టుకున్నవారికి ఇవి అంతగా దక్కవు, ఎందుకంటే చిక్కుముడి ఒకసారి విడిపోయాక మళ్ళీ విప్పడానికి ఉండదు గాని మనుషులు మళ్ళీ మళ్ళీ కలవడానికి ఉంటారు. 'కన్యాశుల్కం' చదివేవారికి పెళ్ళికూతురు మగపిల్లవాడని మొదటి నుంచీ తెలుసు. తెలియని వాళ్ళు రంగం మీద ఉన్నవాళ్ళే, వాళ్ళ తికమకే ఆనందం. రెండోసారి చదివినప్పుడు రచయిత ఆధారాన్ని ఏ నవ్వు వెనుక పెట్టాడో చూడడం మరొక ఆనందం. చచ్చినవాడి కోసం కథలో ఎవరూ ఏడవకపోతే అందులో అన్యాయం లేదా అన్న ప్రశ్న న్యాయమైనదే. మంచి హాస్య నేరకథ ఆ ప్రశ్నను తప్పించుకోదు, ఎక్కడో ఒక చోట నవ్వు ఆపి, చచ్చినది మనిషేనని గుర్తుచేస్తుంది. చరణ్‌దాస్ ప్రాణం పోయే చోట తన్వీర్ నాటకం చేసే పని ఇదే.

ఇంత సంపద ఉండి కూడా, అచ్చులో పాండురంగారావు తరువాత తెలుగు పాఠకుల నోట అంతగా నానిన హాస్య పరిశోధకుడు మరొకడు రాలేదు. ఆ పని ఎక్కువగా సినిమా చేతుల్లోకి వెళ్ళిపోయింది. ఇంగ్లీషువారు ఈ తరహా కథలను తరచుగా చిన్న ఊళ్ళలో పెట్టడానికి కారణముంది: అందరూ అందరికీ తెలిసి, బయటివారు తక్కువగా వచ్చే చోట నేరం జరిగితే, నేరస్థుడు తెలిసిన ముఖాల్లోనే ఉండాలి. రిచర్డ్ ఓస్మన్ 2020లో రాసిన 'ది థర్స్‌డే మర్డర్ క్లబ్'లో వృద్ధాశ్రమవాసులే పరిశోధకులై లక్షల పాఠకులను సంపాదించారు. రైల్వే క్వార్టర్ల వరసలు, రాత్రి డ్యూటీలు, గుడి కమిటీలు, యూనియన్ తగవులు, మూడు భాషల్లో తిట్టుకునే పొరుగువాళ్ళు, రిటైరైనా యార్డు దాకా నడిచి వెళ్ళి బండి నంబర్లు చూసి రాకపోతే అన్నం సయించని పెద్దవాళ్ళు ఉండగల చరోదా వంటి ఊరికి అటువంటి నవల రాయడానికి కావలసినదంతా ఉంది. అక్కడ పుట్టి పెరిగిన తెలుగు యువతీయువకులు ఎవరైనా కలం పట్టదలిస్తే, ముందు 'కన్యాశుల్కం' 1909 నాటి రూపాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివి, ఆ తరువాత 'చరణ్‌దాస్ చోర్' చూసి, అప్పుడు మొదలుపెట్టాలి.